పరుపుకి అటువైపు చెల్లెలు

పరుపు కుట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. దూది కూరిన పరుపును నిలబెట్టి ఒకరు ఇటు నుంచి పొడవాటి సూది గుచ్చితే, అటువైపు వాళ్ళు అందుకుని, దారం బిగించి, మళ్ళీ ఇటు పంపాలి. ఆ దుకాణంలో అక్కాచెల్లెళ్ళిద్దరూ పెళ్ళిళ్ళకు ముందు నుంచీ అలాగే కుడుతున్నారు. ఒకరి మొహం ఒకరికి కనబడదు గానీ నోళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. వియ్యపురాలి గొప్పలు, ఇంటాయన గురక, అన్నీ పరుపు మీదుగా అటూ ఇటూ దాటినవే.

ఆ రోజు పొద్దున ఇన్‌స్పెక్టర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ వీధి కుర్రాళ్ళు మళ్ళీ ఏదో తలపెట్టారట. తెలిస్తే చెప్పమ్మా."

అక్క సూది ఆపలేదు. నిరుడు బస్టాండులో బాంబు పెట్టబోయిన వాళ్ళలో ఆమె కొడుకు ఒకడు. అప్పుడూ ఈ ఇన్‌స్పెక్టరే వచ్చి, చెప్పావంటే వాణ్ణి జైలు మొహం చూడనివ్వను, చదువులో పెట్టిస్తానన్నాడు. ఆవిడ చెప్పింది. బస్టాండు నిలబడింది. కొడుకు జైలుకు పోయాడు. వాడితో పాటు ఏ పాపం ఎరగని కుర్రాళ్ళను కూడా తలుపులు బాది లాక్కుపోయి, ఒళ్ళు హూనం చేసి వదిలారు. అప్పటి నుంచి వీధిలో చెల్లెలు తప్ప ఎవరూ ఆమెతో మాట్లాడరు.

"పోయినసారి చెప్పినందుకే ఇంకా కడుపు నిండి ఉంది బాబూ," అంది అక్క.

"పైవాళ్ళు ఒప్పుకోలేదమ్మా."

"మరి ఆ పైవాళ్ళనే పంపించకపోయారా గుమ్మంలోకి?"

ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు. అక్క సూది గుచ్చింది. అటు నుంచి అది తిరిగి రాలేదు.

"ఏమే, నిద్రపోయావా?"

కాసేపటికి సూది వచ్చింది గానీ, రావాల్సిన చోటుకి జానెడు పక్కన వచ్చింది. చేతికి పని వచ్చిన నాటి నుంచి చెల్లెలు అలా తప్పింది లేదు.

"మీ చిన్నాడేనా?" అని మెల్లగా అడిగింది అక్క.

"మేడగదిలో డబ్బాలు దాచాడక్కా. మేకులు కూడా. రేపు సంతలోనట. గడియ పెట్టుకుని లోపలే కూర్చున్నాడు." పరుపు వెనక ముక్కు చీదిన చప్పుడైంది. "నీకే మళ్ళీ ఈ గతి పడితే, చెప్తావా?"

"రోజూ నన్ను నేను అదే అడుగుతున్నాను. బస్టాండు మీదుగా పోతుంటే మంచిపని చేశాననిపిస్తుంది. జైలు గేటు దగ్గర నిలబడితే నాలుక కోసుకోవాలనిపిస్తుంది."

"ఇదేం జవాబక్కా!"

"నా దగ్గరున్నది ఇంతే. సంతకి పసిపిల్లల్ని చంకనేసుకుని వస్తారే. లే, చెప్పులేసుకో."

స్టేషన్‌లో చెల్లెలు అక్క కొంగు పట్టుకుని వెనకే నిలబడింది. అక్కే అంది: "ఈసారి మీరు చెయ్యగలిగింది మాత్రం చెప్పండి. చెయ్యలేనిది చెప్పకండి."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "జైలు తప్పించలేను. వాడి మీద ఎవరి చెయ్యీ పడదు. లాయరు వచ్చేదాకా ఎవరూ ఏమీ అడగరు. వీధిలో ఇంకో తలుపు తట్టం. నా చేతిలో ఉన్నది ఇంతే."

"మరీ ఇంత పిసినారితనమా!" అంది చెల్లెలు, ఏడుస్తూనే.

"పోయినసారి మాట ధారాళంగా ఇచ్చాడుగా," అంది అక్క.

చెల్లెలు నోరు విప్పి అంతా చెప్పేసింది.

సాయంత్రం వీధిలోకి ఒకే వ్యాను వచ్చింది. దాన్ని చూసి ఇళ్ళన్నీ టపటపా తలుపులు వేసుకున్నాయి. కుర్రాడు ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య తన కాళ్ళ మీద తాను నడిచి మేడమెట్లు దిగాడు. ఒక కానిస్టేబులు అలవాటుకొద్దీ పక్కింటి తలుపు మీదికి చెయ్యి ఎత్తాడు. ఇన్‌స్పెక్టర్ ఆ చేతిని పట్టుకుని కిందికి దించాడు.

వ్యాను మలుపు తిరిగింది. చెల్లెలు అరుగు మీద కూలబడింది.

"వాడు నావైపు చూడను కూడా లేదక్కా."

"చూడడు. మావాడు ఇప్పటికీ చూడడు. అయినా గురువారం గురువారం జైలుకి వెళ్ళి ఎదురుగా కూర్చుంటాను," అంది అక్క. "ఇకనుంచి నువ్వూ రా. కలిసి వెళ్దాం."