ఎర్రదారం చుట్టిన పిట్ట

దొమితీలా పెరట్లో సాల్వియా పూలు విరగబూసిన రోజుల్లో ఒక మగ హమ్మింగ్‌బర్డ్ అక్కడే మకాం పెట్టింది. ఆడపిట్ట కొమ్మ మీద వాలిందంటే చాలు, అది నిట్టనిలువునా ఆకాశానికెక్కి, రాయి పడ్డట్టు కిందికి దూకి, ఆడపిట్ట ముక్కు ముందు తోకతో కీచుమనిపిస్తూ మళ్ళీ పైకి లేచేది. బొగ్గులా కనిపించే దాని గొంతు ఆ ఒక్క క్షణం ఎండ తగిలి భగ్గున ఎర్రబడేది. ఆ గొంతు పక్కన ఒక తెల్లమచ్చ.

పెనం మీద మొక్కజొన్న రొట్టె తిప్పుతూ చోనా పిన్ని నవ్వేది. "నీ చుట్టూ కూడా ఒకడు ఇలాగే గంతులేస్తున్నాడే!"

"చాల్లే ఊరుకో పిన్నీ."

ఆ ఒకడు నికాంద్రో. కొండ మీద కలప కోతమిల్లులో పని. పెళ్ళాం రెమేదియోస్ చెప్పాపెట్టకుండా సరిహద్దు దాటి ఉత్తరానికి పోయిందని అతనే ఊళ్ళో చెప్పాడు. వచ్చినప్పుడల్లా జామపళ్ళో, బెల్లమో తెచ్చేవాడు. మాట మెత్తన. చూపు మాత్రం దొమితీలా ముఖం మీద కాక జడ మీద ఉండేది.

ఒక పొద్దున పిట్ట కనిపించలేదు. "పిల్లి పట్టుంటుందిలే" అన్నాడు నికాంద్రో, ఎవరూ అడక్కముందే.

ఆ రోజే ఉక్కగా ఉందని కోటు విప్పి, మరిచిపోయి వెళ్ళాడు. చిరిగిన అంచు కుడదామని దొమితీలా చేతిలోకి తీసుకుంటే, లోపలి జేబులో ఏదో తగిలింది. చిన్న గుడ్డసంచి. అందులో ఎర్రదారం చుట్టిన పిట్ట. కిటికీ వైపు తిప్పగానే నల్లటి గొంతు ఎర్రగా మండింది. పక్కన తెల్లమచ్చ. దారంతో పాటు చుట్టిన పొడుగాటి వెంట్రుకలు తనవే.

దాని అడుగున ఇంకో పిట్ట. పాతది, పురుగు కొట్టింది. దానికి చుట్టింది రాగిరంగు ఉంగరాల జుట్టు, గుప్పెడు, కుదుళ్ళతో సహా.

"ఇదెవరి జుట్టు పిన్నీ?"

"వశీకరణం కట్టాడే వాడు!" అంది చోనా. వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

సాయంత్రం అతను కోటు కోసం వచ్చాడు. దొమితీలా దాన్ని కిటికీలోంచి అందించింది. అతను జేబు తడుముకున్నాడు, సంచి లేదు.

"పిట్టని నువ్వే చంపావు కదూ?"

"నీ కోసమేగా. ఆ ముడి విప్పకు దొమితీలా. అదీ ఇలాగే విప్పింది."

"అదంటే ఎవరు?"

నికాంద్రో నవ్వి, కోటు భుజాన వేసుకుని కొండదారి పట్టాడు.

తెల్లవారగానే ఆమె పాత పిట్టని తీసుకుని సంతలో ఎండుమిరపకాయలమ్మే ఫెలిసితాస్ దగ్గరికి వెళ్ళింది. ఆమె రెమేదియోస్ తల్లి. ముసలామె ఆ ఉంగరాల జుట్టుని వేళ్ళతో విడదీసింది, చిన్నపిల్లకి చిక్కు తీసినట్టు.

"నా బిడ్డ ఎక్కడికీ పోలేదమ్మా" అంది.

సంత సంతంతా కొండెక్కింది. నికాంద్రో గుడిసె ఖాళీ. పొయ్యిలో నిప్పు ఇంకా ఆరలేదు. మిల్లు వెనక రంపపుపొట్టు గుట్ట తవ్వితే రెమేదియోస్ దొరికింది.

నికాంద్రో దొరకలేదు. మగవాళ్ళు అడవి గాలించి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఆ తర్వాత దొమితీలా పట్టపగలు కూడా పెరట్లోకి ఒంటరిగా వెళ్ళలేదు. వెళ్ళాల్సి వస్తే, చోనా పిన్ని కొడవలి పట్టుకుని గడపలో నిలబడేది, కొండ వైపే చూస్తూ.