ఆయుధపూజ బెల్లు

పిల్లర్ పెట్టె తలుపు తెరిచి, వెంకటేశప్ప అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశాడు. లోపల కాపురముండే బల్లి ఎప్పుడు మీదికి దూకుతుందో చెప్పలేం. బెంగళూరు చిక్కపేట సందు మలుపులో నడుమెత్తున నిలబడిన ఇనుప పెట్టె అది. చీరల మూటలు మోసే హమాలీల వీపులు రాసుకుని రాసుకుని దాని పచ్చరంగు ఎప్పుడో పోయింది. ఒకప్పుడు పేటలోని అంగళ్ల ఫోన్లన్నింటికీ రాగి తీగలు ఈ పెట్టెలోంచే జడలల్లినట్టు పోయేవి. ఇప్పుడవన్నీ చచ్చి దుమ్ముపట్టి ఉన్నాయి. ఒక్క జత తీగలే ఇంకా ఊపిరి పీలుస్తున్నాయి. అది ఎదురుగా ఉన్న సుబ్బలక్ష్మమ్మ చీరల అంగడి ఫోను.

వెంకటేశప్ప పాత గుడ్డతో ఆ జతను తుడిచాడు. మనిషి పొట్టి. భుజాలు కాస్త వంగాయి. కుడిచెవి ఎడమచెవి కంటే పెద్దది. ఇన్నేళ్లూ టెస్టు ఫోను పెట్టుకున్న చెవి అది. ఫోను పనిచేయక జనం తిట్టిన తిట్లకు వాచి, ఆ వాపు దిగడం మరిచిపోయిందని ఆయన చెప్పుకుంటాడు.

ప్రభుత్వ టెలిఫోన్ కంపెనీలో లైన్‌మన్‌గా ఆయనకు ఇవాళే ఆఖరి రోజు. ఆయుధపూజ కూడా ఇవాళే. రేపు దశమికి సెలవు కాబట్టి ఆఫీసులో పూజ పొద్దున్నే కానిచ్చేశారు. పోతూ పోతూ చేయవలసిన పని ఒకటి అప్పజెప్పారు. సాయంత్రంలోగా ఈ ఒక్క జతా కోసేసి, పెట్టె ఖాళీ అయిందని చెప్పాలి. భూమిలోని రాగి తవ్వుకోవడానికి కాంట్రాక్టరు కాచుకుని ఉన్నాడు.

కోయడం ఎంతసేపు? కానీ ఆ ఫోను వచ్చిన తీరు వేరు.

దేశం మొత్తానికి ఫోను ఇచ్చే అంగడి ఒక్కటే ఉన్న కాలంలో, సుబ్బలక్ష్మమ్మ భర్త పెళ్లయిన కొత్తలో దరఖాస్తు పెట్టాడు. కాచుకుని కాచుకుని మీసం నెరిసింది. ఆఖరికి ఫోను మంజూరైంది గానీ, అది వచ్చేలోగా ఆయన కన్నుమూశాడు. అప్పుడే ఉద్యోగంలో చేరిన వెంకటేశప్ప నల్లఫోను చంకన పెట్టుకుని గడప దగ్గరికి వస్తే, ఆమె ఎగాదిగా చూసి ఒకటే అడిగింది.

"ఎవురికి చేసేదప్పా ఇంక? ఆయప్ప పోయిన చోటికి లైను ఉండాదా?"

ఆయన ఫోను బిగించి, తల వంచుకుని వచ్చేశాడు. ఆ ఏడు ఆయుధపూజకు ఆమె కత్తెరకూ గజంకట్టెకూ బొట్టు పెడుతూ, ఎన్నడూ మోగని ఆ ఫోనుకూ ఒక బొట్టు పెట్టింది. పెట్టె దగ్గర నిలబడి చూస్తున్న వెంకటేశప్పకు మనసాగలేదు. ఆమె తీగలకు టెస్టు ఫోను తగిలించి, పరీక్ష నంబరు తిప్పి పెట్టేశాడు. అలా చేస్తే ఎక్స్చేంజే ఆ ఫోనుకు తిరిగి బెల్లు కొడుతుంది. అంగట్లో ఫోను గణగణమంది. అప్పటినుంచి ఏటా అదే ఆచారం. ఆ బెల్లు వినబడేదాకా పూజనాడు ఆమె ఒక్క చీర మడత కూడా విప్పదు.

వెంకటేశప్ప ఉద్యోగంలో కుదురుకున్న కొన్నేళ్లకు జెనీవాలో దేశదేశాల వాళ్లు కూర్చుని, ఫోన్ల బజారు తలుపులు అందరికీ బార్లా తెరుస్తామని వ్యాపార ఒప్పందం మీద సంతకాలు చేశారు. మనవాళ్లూ చేశారు. యూనియన్ వాళ్లు ఎక్స్చేంజి ముందు షామియానా వేస్తే, వెంకటేశప్ప గొంతు పోయేదాకా అరిచి, గొంతు వచ్చాక ఇంకో నాలుగు రోజులు అరిచాడు. ఆ సంతకాల చప్పుడు తాను ఈ పెట్టెలోనే విన్నానని ఇప్పటికీ హమాలీలకు చెబుతుంటాడు.

"టెస్టు ఫోను చెవికి పెట్టుకుంటే కిర్రు కిర్రుమనె. పాళీ అరిగిపోయిండాది పాపం. ఎవురో వెనకనించి 'తొందరగా కానీండప్పా, భోజనం చల్లారిపోతాంది' అనిరి."

"జెనీవాలో తెలుగోళ్లు ఉండారా?" అని ఎవడో అడిగాడు.

"వడ్డించేవాడు మన హిందూపురమోడు!"

తలుపులు తెరిచాక కొత్త కంపెనీలు వచ్చాయి. ప్రతి హమాలీ జేబులోనూ ఫోను మోగింది. మీసం నెరిసేదాకా కాచుకునే పని తప్పిందని వెంకటేశప్ప కూడా ఒప్పుకుంటాడు. ఆయన కూతురు గీతాంజలి వైట్‌ఫీల్డ్‌లో ఒక విదేశీ ఫోను కంపెనీలోనే పనిచేస్తుంది. సొంత కంపెనీ సిగ్నలు వంటింట్లోకి రాదని ఆయన జేబులో ఉన్నది కూడా వేరేవాళ్ల సిమ్మే.

"పగోడిని జేబులో పెట్టుకోని తిరుగుతాండావే!" అని హమాలీలు ఏడిపిస్తారు.

"జేబులో ఉంటేనే కదప్పా, వాడేమి చేస్తాండాడో తెలిసేది," అంటాడు ఆయన. ఆ తర్వాత నవ్వు ఆపి, "పరుగు పందెం పెట్టుకోనీ, వద్దన్లేదు. మా కంపెనీకి కొత్త మిషన్లు ఇయ్యకుండా కాళ్లు కట్టేసి పెట్టినారు చూడు, అదీ నా కొట్లాట," అంటాడు.

పెట్టె తుడవడం అయ్యాక ఆయన సంచిలోంచి తీగలు కోసే కటింగ్ ప్లేయర్ తీశాడు. దాని పిడికి చుట్టిన ఎర్ర రబ్బరు ఆయన బొటనవేలు ఆనేచోట గుంటపడింది. పెట్టె ముందు నేల మీద విస్తరాకు పరిచి, ప్లేయర్‌ను దాని మీద పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టాడు. పెట్టె తలుపుకూ ఒక బొట్టు పెట్టాడు. నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది అటొకటి ఇటొకటి ఉంచాడు. కర్పూరం వెలిగించి దండం పెట్టుకుంటూండగా హర్ష బండి వచ్చి ఆగింది.

హర్ష ఆయన పైఅధికారి. కర్నూలు కుర్రవాడు. నెమ్మదైనవాడే. బండి అద్దాలకు అరటి పిలకలు, ముందు చేమంతి దండ.

"ఇంకా కట్ చేయలేదా వెంకటేశప్ప గారూ? ఈవెనింగ్ లోపల రిపోర్ట్ పంపాలి. పైనుంచి ప్రెషర్."

"పూజ ఇప్పుడే అయింది సార్."

"గుడ్. కట్ చేసేయండి మరి."

"ఎట్లా సార్? పూజలో పెట్టిన ఆయుధం దశమి పూజ కానిదే ఎత్తకూడదు కదా."

విషయం అర్థమై హర్ష నవ్వాడు. "నా బండికీ పూజ అయింది. దాని మీదే వచ్చాను కదా!"

"అది నడిపేది సార్. ఇది కోసేది."

"ఇంకో ప్లేయర్ ఉంటుంది కదా ఆఫీసులో?"

"ఉండాది. పొద్దున దుర్గమ్మ పటం ముందర పెట్టి హారతి ఇచ్చింది మీరే."

హర్ష నవ్వు తగ్గింది. "జోక్స్ వద్దండీ. మీరు ఆర్డర్ వినలేదని నేను రాస్తే మీ పెన్షన్ ఫైలు ఆగిపోతుంది. లాస్ట్ డే. ఎందుకీ గొడవ?"

వెంకటేశప్ప లేచి నిలబడ్డాడు. నిలబడినా హర్ష భుజానికే వచ్చాడు.

"ఆగనీ సార్. మా దగ్గర ఫోను అడిగి ఆయమ్మ మొగుడు ఎన్నేండ్లు కాచుకున్యాడో నాకు తెలుసు. నేను కొన్ని నెలలు కాచుకుంటే ఏమి పోతాది? జెనీవాలో సంతకం చేసేటప్పుడు నన్ను ఎవురూ అడగలేదు. ఇప్పుడు కోసేముందు ఆయమ్మనైనా అడగండి."

అడిగే పని లేకపోయింది. సుబ్బలక్ష్మమ్మ అప్పటికే అంగడి మెట్టు మీద ఉంది. ముగ్గుబుట్టలాంటి తల, చేతిలో గజంకట్టె.

"నేను చెప్పినానా కోయమని? బిల్లు కడతాండాను. ఎవురప్పా నువ్వు కోసేదానికి?"

మూటలు దించి హమాలీలు చుట్టూ చేరారు. హర్ష అందర్నీ ఒకసారి చూసి, వంగి ప్లేయర్ మీదికి చెయ్యి చాచాడు. పసుపు తడి వేళ్లకు తగలగానే చెయ్యి ఆగింది. వేళ్లను ప్యాంటుకు తుడుచుకుని లేచాడు.

"దశమి అయ్యాక కాంట్రాక్టరే చూసుకుంటాడు," అన్నాడు బండెక్కుతూ. పెన్షను మాట మళ్లీ ఎత్తలేదు. రాయనని కూడా అనలేదు.

వెంకటేశప్ప తీగలకు టెస్టు ఫోను తగిలించి, నంబరు కొట్టి పెట్టేశాడు. అంగట్లో గణగణమని మోగింది. ఆమె తొందరపడలేదు. సందంతా విన్నాక ఎత్తింది.

"ఎవురు?"

"పిల్లర్ నించి అక్కా."

"ఆయప్ప పోయిన చోటికి లైను వేసినారా?"

ఏటా ఇదే ప్రశ్న. ఏటా ఒక కొత్త అబద్ధం.

"అంతా వేసేసినామక్కా. వైకుంఠం గేటు కాడ మెట్రోవాళ్లు తవ్వి పెట్టినారు. ఇంక పనేమీ లేక సుమ్నే ఉండేవాణ్ణే కదా, నేనే పోయి కలిపేసి వస్తాలే."

"నువ్వేమీ తొందరపడొద్దు," అని కసిరింది ఆమె. తర్వాత గొంతు కాస్త తగ్గింది. "వచ్చే ఏడు ఎవురు కొడతారప్పా బెల్లు?"

వెంకటేశప్ప టెస్టు ఫోనును పెద్దచెవికి ఇంకాస్త ఆనించాడు.

"లైను ఉంటే ఎవురో ఒకరు కొడతారక్కా."

"ఉంటాది. కోయమని నేను చెప్పను. ఎవుడొస్తాడో రానీ," అని ఫోను పెట్టేసి, ఆమె మొదటి చీర మడత విప్పింది.

సాయంత్రం ఆఫీసులో ఆయనకు శాలువా కప్పి ఫోటో తీశారు. టెస్టు ఫోను, తాళాలు, టోపీ అప్పజెప్పాడు. "ప్లేయర్ ఏదీ?" అని స్టోరు గుమాస్తా అడిగితే, "పూజలో ఉండాది," అన్నాడు. బయటికి రాగానే జేబులోని ఫోను మోగింది. "బయల్దేరినావా నాయనా?" అంది గీతాంజలి. "వస్తాండా తల్లీ," అని శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, వెంకటేశప్ప మెట్రో మెట్లు దిగాడు. సందు వైపు తిరిగి చూడలేదు.

అక్కడ పెద్ద మూటతో వస్తున్న తోపుడుబండి పెట్టె దగ్గర ఆగింది. బండివాడు కిందికి చూసి, చక్రాన్ని పక్కకు మళ్లించి, ఒరుసుకుంటూ దాటిపోయాడు. విస్తరాకు మీద, ఆరిన పసుపుతో కటింగ్ ప్లేయర్ నోరు తెరిచి ఉంది. ఆ నోట్లో ఎవరో గుచ్చిన ఒక చేమంతి పువ్వు.