ఇస్త్రీ చేస్తూ చెప్పిన ముగింపు

“తర్వాత ఏమైంది? త్వరగా చెప్పు, టైమైపోతోంది.”

చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె జరుపుతున్నాను. మా ఆయన బనీనుతో నిలబడి, చొక్కా కోసం ఒక చెయ్యి చాచి, కథ కోసం చెవి నా వైపు పెట్టారు. ప్రతి శుక్రవారం ఉదయం మా ఇంట్లో ఇదే తంతు. వాళ్ళ ఆఫీసుకి కొత్తగా వచ్చిన మేనేజరు, అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడ, శుక్రవారం భోజనాల దగ్గర ఒక అలవాటు పెట్టింది. ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారో చెప్పుకోవాలి. ఆవిడకి అంతరిక్షం నవలలన్నా, మంత్రగాళ్ళ రాజ్యాలన్నా ప్రాణం. మా ఆయన పెళ్ళయ్యాక శ్రద్ధగా చదివింది క్రికెట్ స్కోరు ఒక్కటే.

అలాంటివి చదివేది నేను. అంతకుముందు మా ఇంట్లో వాటికి పిచ్చి పుస్తకాలని పేరు. నాకు రాకెట్టని పేరు. “రాకెట్టూ, భూమ్మీదకి దిగి కాస్త టీ పెట్టు” అని చుట్టాల ముందు కూడా అనేవారు. “పొయ్యి మీద పాలు పొంగుతుంటే మా కోడలు పక్క గ్రహంలో ఉంటుందమ్మా” అని అత్తగారు అందుకునేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే “సరదాకి అంటే కూడా ముఖం మాడ్చుకుంటుంది” అంటారు. నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో మధ్యాహ్నం జనం పలచబడ్డాక, అద్దాలు అరగదీసే మెషిన్ వెనక స్టూలు వేసుకుని చదువుకునేదాన్ని. అక్కడ నన్ను ఎవరూ దేనికీ పిలవరు.

మేడమ్ వచ్చాక అవే పుస్తకాలు ఉన్నట్టుండి పనికొచ్చాయి. “నువ్వెలాగూ చదువుతావుగా, నాకు చెప్తే నీ సొమ్మేం పోయింది?” అన్నారాయన. నిజం చెప్పొద్దూ, మొదట్లో పొంగిపోయాను. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఆయన నా ముఖంలోకి చూసి తర్వాత ఏమైందని అడిగారు. పోటు మీదున్న సముద్రం చచ్చిపోయినవాళ్ళ గొంతులు మోసుకొచ్చే దీవి గురించి చెప్పాను. మంత్రగత్తె దగ్గర గొంతు అరువు తీసుకుని తిరిగివ్వని రాజు గురించి చెప్పాను. ఆ సాయంత్రం ఈల వేస్తూ వచ్చారు. “మేడమ్ ఎంత మెచ్చుకుందో తెలుసా! నాలాంటి పాఠకుణ్ణి చూడలేదంది.” నా సంగతి చెప్పారా అని అడిగాను. “నీ సంగతెందుకు? నువ్వేమన్నా ఆ ఆఫీసులో పనిచేస్తున్నావా?” అన్నారు. ఆయన టిఫిన్ డబ్బా తీసుకెళ్ళి సింకులో వేశాను.

ఇప్పుడు చెబుతున్నది ఓడ కథ. దూరపు నక్షత్రానికి వెళ్ళే ఓడలో అందరూ గాజు పెట్టెల్లో ఏళ్ళ తరబడి నిద్రపోతుంటారు. ఒక్క ఆవిడ మాత్రం మేలుకుని ఉండాలి. పెట్టెలు తుడవాలి, ఊపిరి ఆడుతోందో లేదో చూడాలి. బయల్దేరేముందు కెప్టెన్ ఆవిడతో “నువ్వైతే బాగా చూసుకుంటావు” అని పడుకుంటాడు. ఆ మాట చదివి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. చివరికి ముసలిదైపోయిన ఆవిడ కెప్టెన్ పెట్టె ముందుకొచ్చి నిలబడుతుంది. అక్కడితో పుస్తకం అయిపోయింది. పేవ్‌మెంట్ మీద కొన్న పాత పుస్తకం, చివరి కాగితాలు చిరిగిపోయాయి.

“తర్వాత ఏమైందంటే వినపడదా?” అన్నారాయన మళ్ళీ.

ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, ఆలోచించకుండా చెప్పేశాను. “అతన్ని లేపింది. చేతిలో తుడిచే గుడ్డ పెట్టింది. ఇక నీ వంతు అని ఆ పెట్టెలో తను పడుకుని, లోపల్నించి మూత వేసేసుకుంది.”

“అంతేనా?” అంటూ చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం మేడమ్‌ని భోజనానికి పిలిచారు. ప్రమోషన్ ఆవిడ చేతిలో ఉంది. “నువ్వు వడ్డించు చాలు, మధ్యలో నోరు విప్పకు. తేడా వస్తే నా పరువు పోతుంది” అని పొద్దుట్నించి వంటింటి గుమ్మంలోకి వచ్చి చెబుతూనే ఉన్నారు. మేడమ్ నన్ను కూడా కూర్చోమంది. “తను తర్వాత తింటుందండీ, అలవాటే” అన్నారాయన.

భోజనం సగంలో మేడమ్ అంది, “ఆ ఓడ నవల నా దగ్గరా ఉందండీ. మళ్ళీ తీసి చదివాను. చివర్లో కెప్టెన్ తనంతట తనే లేచి ఆవిడకి పతకం ఇస్తాడు. మీరు చెప్పింది అందులో లేదు.”

గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆయన నా వైపు చూశారు. మేడమ్ వెళ్ళిపోయాక ఆ చూపు ఎన్ని మాటలవుతుందో నాకు తెలుసు.

“కంగారు పడకండి. అసలుదాని కంటే మీదే బాగుంది. రెండు రోజులుగా అదే తలుచుకుంటున్నాను. మీకెలా తట్టింది?” అంది మేడమ్.

ఆయన ముఖం విచ్చుకుంది. “ఏదోనండీ... కాస్త కూర్చుని ఆలోచించాను.”

ఇన్నాళ్ళూ ఆయన పట్టుకెళ్ళినవి ఎవరో రాసినవి, పోనీలే అనుకున్నాను. ఇది ఎవరూ రాయలేదు. వేడి ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడి ఉండగా నాలోంచి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“అయితే చెప్పండి, ఆవిడ మళ్ళీ లేస్తుందా? మేలుకున్న ఆ కెప్టెన్ ఏమవుతాడు?” మేడమ్ చెయ్యి కంచంలో వదిలేసి వింటోంది.

ఆయన ఒక ముద్ద నమిలారు. ఇంకో ముద్ద నమిలారు. నుదురు తుడుచుకుని, “రాకెట్టూ, కాస్త మంచినీళ్ళు పట్రా” అన్నారు.

“జగ్గు నీ ముందే ఉంది కదరా” అన్నారు అత్తగారు.

“చల్లవి కావాలి. నేనూ వస్తున్నా పద” అని కుర్చీలోంచి సగం లేచారు. వంటింట్లో తలుపు దగ్గరగా వేసి ఏమడుగుతారో నాకు తెలుసు. నేను చెప్తాను. ఆయన వచ్చి చెప్తారు. ప్రమోషన్ వస్తుంది. ఆ తర్వాత నా తలలో పుట్టిందేదీ నాకు మిగలదు. అయినా అలవాటు కొద్దీ నా కాళ్ళు వంటింటి వైపు తిరిగాయి. గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. వెనక్కి వచ్చి, గరిటె గిన్నెలో పెట్టి, ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“ఫ్రిజ్‌లో ఉన్నాయి, మీరే తెచ్చుకోండి” అన్నాను ఆయనతో. గొంతు వణికింది, వణకనిచ్చాను. మేడమ్ వైపు తిరిగాను.

“ఆవిడ ఇప్పుడప్పుడే లేవదండీ. ఎందుకు లేవదో నేను చెప్తాను, ఆ ముగింపు నాది.”