బుడగ రాకూడదు

పక్కటెముకల నడుమ పెట్టిన చిన్న గాట్లలోంచే, క్యాన్సర్ గడ్డ ఉన్న ఊపిరితిత్తి భాగాన్ని సంచిలో చేర్చి బయటికి తీసింది డాక్టరమ్మ. ఛాతీని పెద్దగా కోయకుండా ఆమె సొంతంగా చేస్తున్న మొదటి ఆపరేషన్ అది. కుట్లు నిలవక గాలి లీకైతే మాత్రం ఛాతీ తెరవాల్సి రావచ్చు. లోపల నీళ్లు పోయించి, ఛాతీలోని కెమెరా చూపే టీవీ తెరకు కళ్లప్పగించింది.

"మా నాన్న పంక్చర్ షాపులో కూడా ఇదే పరీక్ష సార్!"

"దీనికా తల్లీ ఇన్నేళ్లు చదివావు?" అంటూ మత్తు డాక్టరు గాలి పంపాడు.

ముడుచుకుని ఉన్న మిగతా ఊపిరితిత్తి నీళ్లలో మెల్లగా విచ్చుకుంది. ఒక్క బుడగ కూడా రాలేదు. ప్రాణమంటే ఏమిటని ఆమె ఎన్నో పుస్తకాలను అడిగింది. ఇప్పుడది కళ్లెదుటే ఉబ్బుతోంది.

"ఇంకోసారి పంపండి సార్!"

"ఏం, అనుమానమా?"

"కాదు సార్, మళ్లీ చూడాలని!"