పదిహేడు మందికి ఒకటే వేలు

కుడిచెయ్యి కట్టులో ఉందని ఎడమచేతి బొటనవేలు అడిగాడు సేఫ్టీ ఆఫీసరు. నేను కళ్లారా చూశాను. నాతోపాటే పనిచేసే ఎల్లారావు ఇంకా మత్తులోనే ఉన్నాడు. పొద్దున్న ఏడింటికే ఆసుపత్రికి పరామర్శకంటూ వచ్చిన ఆ ఆఫీసరు భీమశంకరరావు, జేబులో ఇంకుప్యాడు పెట్టుకుని మరీ వచ్చాడు. సిగ్గుగా ఉంది గానీ నిజం చెప్పాలి, నేను మంచం పక్కనుంచి జరిగి ఆయనకి దారిచ్చాను.

ఎల్లారావు భార్య గంగాలమ్మ మాత్రం ఆయన చేతిలోంచి కాగితం లాక్కుని నాకిచ్చింది.

"సదువు గురువులూ! ఏటి రాసినారో సదువు!"

చదివాను. పోర్టులో బొగ్గు మోసే బెల్టులో చెయ్యి పెట్టడం కార్మికుడి అజాగ్రత్త. ఆ పూట గేటు దగ్గర పరీక్షలో అతను డ్యూటీకి పూర్తిగా సిద్ధంగా ఉన్నట్టు తేలింది. కాబట్టి ప్రమాదానికి అతని ప్రవర్తనే కారణం. కంపెనీకి బాధ్యత లేదు.

"ముద్ర ఎయ్యకపోతే ఏటౌద్ది?" అంది గంగాలమ్మ.

"వేసినా, వెయ్యకపోయినా రిపోర్టు ఇదేనమ్మా. మిషను అబద్ధం చెప్పదు కదా" అని ప్యాడు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మిషను చెప్పలేదు. అబద్ధం చెప్పింది మేం.

ఆ సంగతి దాచను. మా కాంట్రాక్టరు గేటు దగ్గర ఒక టాబ్ పెట్టాడు. ఎవడి పేరు వాడు నొక్కాక, తెర మీద చుక్క వెలగ్గానే వేలితో తాకాలి. అలా ముప్పై చుక్కలు. చురుగ్గా తాకితే పచ్చ, లోపలికి పో. ఆలస్యమైతే ఎరుపు, ఇంటికి పో. ఎరుపు మూడుసార్లు వస్తే పేరు కొట్టేస్తారు. "నిద్ర చాలనివాడు బెల్టు దగ్గరికి పోకూడదు, అంతా మీ ప్రాణాల కోసమే" అని మీటింగు పెట్టి లడ్డూలు పంచారు. మరి ఆ నిద్ర లేకుండా చేసిందెవడు? ఓడ వచ్చిందంటే మధ్యాహ్నం రెండింటి నుంచి తెల్లారి ఆరింటి దాకా గొడ్డుచాకిరీ చేయించి, మళ్లీ రెండింటికి రమ్మనేదెవడు? అది మాత్రం ఆ టాబ్ అడగదు!

అందుకని ఆశను పట్టుకున్నాం. బెల్టు కింద రాలిన బొగ్గు ఊడ్చే పిల్ల, సముద్రం మీద బతికే ఇంటిది. ఇదివరకు రొయ్యల ఫ్యాక్టరీలో తొక్క ఒలిచిన చెయ్యి. అబ్బ, ఏం చురుకనుకున్నారు! పొద్దుటి షిఫ్టు దిగి రెండింటికి బయటికొస్తూ, మా పదిహేడు మంది చుక్కలూ తనే తాకేది. మేం చుట్టూ గుంపు కట్టేవాళ్లం. గేటు కాసే సన్యాసిరాజు అటు తిరిగి బీడీ కాల్చుకునేవాడు. పాపం మంచివాడు, చూసీ చూడనట్టు పోతున్నాడనుకున్నాం. ఆశను అడిగింది నేనే. "తప్పు కాదా అన్నా?" అంటే, "సాయమే కదమ్మా" అన్నాను.

నిన్న ఎల్లారావు పచ్చ కూడా ఆశ వేలిదే.

డ్యూటీ దిగినవాళ్లు బొగ్గు మొహాలతోనే ఆసుపత్రి ఆవరణకి వచ్చారు. ఆశ ఆ రోజు పనికి పోలేదు, గోడవార కూర్చుని ఏడుస్తోంది. కన్నబాబు మా అందరి భయమూ తన నోటితో చెప్పాడు.

"నోర్మూసుకుందాం బావ. సెప్తే ఆశని లోపలేత్తారు. మన పనులూ పోతాయి."

"చెప్పకపోతే ఎల్లారావు చెయ్యి విరిగిన నేరం ఎల్లారావుదేనండీ! వైద్యం ఆపేస్తారు, పనిలోంచి తీసేస్తారు" అన్నాడు కొండలరావు. గోదావరి నుంచి వచ్చి పాతికేళ్లయినా ఆ 'అండీ' పోలేదు.

"ఇంట్లో కూకుని ఎన్నైనా సెప్పొచ్చు!"

"ఎవరింట్లోనండీ? నేనూ మీతోపాటే ఆ బెల్టు దగ్గరున్నానండీ!"

కొట్టుకునేలా ఉన్నారు. ఆశ లేచింది. "మావ నా ఏలితోనే లోపలికెల్లినాడు. నాను సెప్పేత్తాను."

గంగాలమ్మ దాన్ని చెంపమీద కొడుతుందనుకున్నాను. భుజం పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నీదొక్కదానిదేటే గుంటా? అందరూ కలిసే సేసినారు. ఇయ్యాల కూడా అందరూ కలిసే ఎల్లండి. ఎవులి సుక్కలు ఆలే తాకండి."

మధ్యాహ్నం రెండయింది. ఓడ కట్టి ఉంది, బెల్టు మా కోసం చూస్తోంది. కొండలరావు తాకాడు. ఎరుపు. కన్నబాబు, ఎరుపు. నాకు పదో చుక్క దగ్గరే కళ్లు మూతలు పడ్డాయి. నటన కాదు, ఒట్టు! పదహారు మందికీ ఎరుపే. ఒక్కడు ఇంటికి పోలేదు, ఒక్కడు లోపలికి పోలేదు.

భీమశంకరరావు పరుగెత్తుకొచ్చాడు. "మళ్లీ తాకండయ్యా!"

"ఎరుపొస్తే లోపలికెళ్లకూడదని రూలు పెట్టింది మీరే కదండీ. మా ప్రాణాల కోసమన్నారు కదండీ" అన్నాడు కొండలరావు.

ఆయన ఫోను మోగుతూనే ఉంది. చెమటలు కక్కుతూ చుట్టూ చూశాడు. ఆశ కనబడింది.

"ఏయ్, ఏంటీ నాటకాలు? రోజూ నువ్వే కదా అందరికీ తాకేది! వచ్చి తాకు!"

సన్యాసిరాజు తల దించుకున్నాడు. ఇన్నాళ్లూ వాడు ఎవరు చెబితే అటు తిరిగాడో అప్పుడు తెలిసింది. నా ఒళ్లు మండిపోయింది.

"ఐతే మా ఆయన తాకనేదని నీకు ముందే తెలుసన్నమాట" అంది మాతో వచ్చిన గంగాలమ్మ.

నోరు జారిందని ఆయనకి అర్థమైంది. వెంటనే పోలీసులకి ఫోన్ చేశాడు. జీపు వచ్చింది. "ఈ పిల్ల కంపెనీని మోసం చేసింది, బుక్ చెయ్యండి!" అని అరిచాడు.

ఆశ ఎస్సై ముందుకి నడిచింది. "అవును సార్, సేసినాను. తీసుకెల్లండి. ఎవులెవులికి తాకినానో, ఆలు ఎన్నెన్ని గంటలు పన్జేసినారో అక్కడ మొత్తం సెప్తాను. ఈయనకి తెలుసని కూడా సెప్తాను."

ఆఫీసరు మొహం వాడిపోయింది. ఎస్సై చెవిలో గొణిగాడు. "వదిలెయ్యండి సార్, ఆడపిల్ల. కంప్లైంట్ ఏమీ లేదు."

"కంప్లైంట్ లేదంట, ఇంటికి పోమ్మా" అన్నాడు ఎస్సై.

"పోను" అని ఆశ తనే జీపెక్కి కూర్చుంది.

ఏం చెయ్యాలో తోచక ఎస్సై బండి స్టేషను వైపు తిప్పించాడు. పదహారు మందిమీ గంగాలమ్మతో కలిసి వెనకే నడిచాం. దారిలో పక్క బెర్తులో ఓడ పని చేసేవాళ్లు ఏటి బావ, ఏటైనాది అని అడిగి, విని, కొందరు మాతో కలిశారు.

స్టేషన్లో రైటరు పెన్ను పట్టుకుని అటూ ఇటూ చూశాడు. నేరం ఒప్పుకుంటానని పట్టుబట్టిన మనిషిని ఆయన ఎప్పుడూ చూసి ఉండడు.

"ముందిది రాయండి, తరవాత లోపలెయ్యండి" అంది ఆశ. "పేరు మైలపల్లి ఆశ. నిన్న రెండింటికి ఎల్లారావు మావ బదులు నాను తాకినాను. ఆ మావ అంతకుముందు పదారు గంటలు పన్జేసి ఉన్నాడు."

రైటరు ఇంకా ఆలోచిస్తున్నాడు. నోర్మూసుకుందామన్న కన్నబాబు బెంచీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"కానియ్యండి సార్. ఈ పిల్లదైపోయినాక నాది రాయాల. బయట ఇంకా శానామంది ఉన్నారు."