అన్నయ్య ఊడదీసి ఇచ్చిన సీటు

భోజనాల బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్నా చెల్లెలు మాత్రం పళ్ళెం చేత్తో పట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడే తింటోంది.

"కూర్చోవమ్మాయ్, మా కుర్చీలేం కరవవు," అంది వదిన.

"రోజంతా సైకిల్ మీద కూర్చునేదాన్నేగా వదినా. ఈ పూటకి కాళ్ళకి పని చెబుతున్నా."

అన్నయ్య తలెత్తలేదు. ఆ పిల్ల ఎందుకు కూర్చోలేకపోతోందో ఆ ఇంట్లో తెలిసింది అతనొక్కడికే.

ఆదివారం ఆదివారం సైకిళ్ళ మీద ఊరు దాటి వెళ్ళే స్నేహితుల జట్టులో అతనూ ఒకడు. అందరివీ కత్తుల్లాంటి సన్నటి సీట్లు. తనదొక్కటే దిండులా ఉండటం నామోషీగా తోచి, అలాంటిదే ఒకటి కొని బిగించుకున్నాడు. మొదటి ఆదివారమే చుక్కలు కనిపించాయి. నొప్పని జట్టులో చెప్పడానికి ముఖం చెల్లలేదు. సరిగ్గా అప్పుడే చెల్లెలికి ఇంటింటికీ పార్సిళ్ళు అందించే ఉద్యోగం దొరికింది. "నా సీటు నువ్వు తీసుకో. నాకంటే నీకే అవసరం," అన్నాడు, త్యాగం చేసేవాడికి ఎలాంటి ముఖం ఉండాలో అలాంటి ముఖమే పెట్టి. చెల్లెలి కళ్ళు చెమ్మగిల్లాయి. జట్టులో మెప్పు కూడా దక్కింది. నాలుగు రోజులకే ఆ పిల్ల ఫోన్ చేసి నొప్పిగా ఉందంటే, "అలవాటవుతుందిలే," అనేసి పెట్టేశాడు. అది జరిగి రెండు నెలలైంది.

"మా సూపర్‌వైజర్ వేరే సీటిస్తానన్నాడు వదినా," అంటోంది చెల్లెలు. "నేనే వద్దన్నా. అన్నయ్య తను వాడుకునేది ఊడదీసి ఇచ్చాడాయె, తీసేస్తే ఏమనుకుంటాడు? అసలు నా ఒంటికే ఈ ఉద్యోగం పడేట్టు లేదు. నెలాఖరుకి మానేద్దామనుకుంటున్నా."

అతను కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు.

"తిన్నాక సైకిల్ షాపుకి పోదాం పద," అన్నాడు. "సీటు ఎత్తూ అదీ సరిచేయిద్దాం."

నిజం చెప్పడానికి దారిలో బోలెడంత చోటుందనుకున్నాడు. దారి అయిపోయింది, నిజం అలాగే మిగిలిపోయింది.

షాపావిడ సీటుకేసి ఒక్క చూపు చూసింది. "ఇది బాగా ముందుకి వంగి, ఆగకుండా తొక్కేవాళ్ళది. మీరెలా తొక్కుతారమ్మా?"

"నిటారుగా కూర్చునండీ. వెనక పార్సిళ్ళ సంచి. గుమ్మం గుమ్మానికీ దిగడం, ఎక్కడం."

"నిటారుగా కూర్చుంటే బరువంతా పిరుదుల కింది ఎముకల మీదే పడుతుంది. సీటు వెనక వెడల్పుగా ఉండాలి. దిగినప్పుడల్లా అడ్డం రాకుండా ముందు పొట్టిగా ఉండాలి. అలాగని మరీ మెత్తటిది వద్దు, పొద్దంతా తొక్కితే అందులో కూరుకుపోయి ఒరుసుకుంటుంది." బెంచీ మీద ఒక అట్టముక్క వేసింది. "దీనిమీద కూర్చోండి. గుంటలు పడ్డచోట కొలుస్తా."

చెల్లెలు సిగ్గుపడుతూ కూర్చుంది. "తప్పు సీటుది కాదండీ, నాదే. మా అన్నయ్య దీనిమీదే ఊళ్ళు దాటి వెళ్ళొచ్చాడు."

షాపావిడ అతనివైపు చూసింది. కొలబద్ద ఎక్కడ పెట్టానా అన్న వెతుకులాట తప్ప ఆ చూపులో మరేం లేదు. అయినా అతనికి చెమటలు పట్టాయి.

"వెళ్ళలేదే," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ. తొక్కింది ఒక్క ఆదివారం. వచ్చేటప్పుడు జట్టుని ముందు పొమ్మని, టైరు సాకు చెప్పి, సగం దూరం నడిపించుకుంటూ వచ్చా. నాకు పడకే నీకిచ్చా."

చెల్లెలు అట్టమీంచి లేవలేదు. "మరి అలవాటవుతుందన్నావు?"

అతను సైకిల్ దగ్గరికెళ్ళి సీటు మీద దుమ్ము తుడిచాడు.

"నాదే పనికిరాని ఒళ్ళనుకున్నాను అన్నయ్యా."

అరిచి ఉంటే బాగుండేది. అరుపులు దులిపేసుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య. ఆ పిల్ల మామూలుగా, టైము చెప్పినట్టు చెప్పింది. దాన్ని ఎక్కడ దులుపుకోవాలో తెలియలేదు. షాపావిడ మర్యాదస్తురాలు, అక్కర్లేని సొరుగొకటి తెరిచి అందులో తల దూర్చింది.

వెడల్పాటి సీటు బిగించాక చెల్లెలు వీధి చివరిదాకా తొక్కి వచ్చింది.

"ఎలా ఉందమ్మా?"

"కూర్చున్నట్టుందండీ." తర్వాత అతనివైపు తిరిగింది. "ఉద్యోగం మాననులే. వదినకి తెలుసా?"

"లేదు."

"నేను చెప్పను. నువ్వే చెప్పాలి." సైకిల్ దిగకుండానే అటునుంచటే వెళ్ళిపోయింది.

పాత సీటు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. తలుపు తీసిన భార్య ముందు సీటును చూసింది, తర్వాత మొగుణ్ణి.

"అదేంటండీ! పాపం ఆ పిల్లకిచ్చింది మళ్ళీ లాక్కొచ్చుకున్నారా? సిగ్గు లేదూ మీకు?"

"ఉంది," అన్నాడు. "కూర్చో, చెబుతాను."