మొక్కి కొట్టిన రాయి

ధర్మయ్య ఏ రాయినీ ఊరికే కొట్టడు. ముందు సమ్మెట కళ్ళకద్దుకుంటాడు. దోసెడు నీళ్ళు రాయి మీద పోస్తాడు. "తల్లీ, ఆకలికి కొడుతున్న, తప్పు కాయి" అంటాడు. తర్వాత చెవి ఆనించి చిన్న సుత్తెతో రెండుసార్లు తడతాడు. రాయి ఎక్కడ విచ్చుకుంటుందో అప్పుడతనికి తెలుస్తుంది.

ఆ పొద్దున కూడా అలాగే చేశాడు.

మే నెల. ఏడు గంటలకే ఎండ చురచురలాడుతోంది. ట్రక్కు దించిపోయిన కుప్పలో ఒక రాయి మనిషంత పొడుగుంది. నడిమిన తెల్లటి చార. ధర్మయ్య దాన్ని చూసి మురిసిపోయాడు.

"ముప్పై ఏండ్లల్ల గిసొంటి రాయి చూడలే. గంట లెక్క పలుకుతున్నది!"

"ముసలోనికి రాయి దొరికితే పెండ్లాం యాదికుండది" అంది ఆయన భార్య వెంకమ్మ, కంకర గంప ఎత్తుకుంటూ. "నన్నెన్నడన్న గట్ల తట్టి చూసినవా?"

"నిన్ను తడితే పలుకుతవా? తిడతవు."

వడ్డెరోళ్ళంతా గొల్లుమన్నారు. టీ కెటిల్ పట్టుకుని అక్కడే ఉన్న నేనూ నవ్వాను. నాకప్పుడు దేనికైనా నవ్వొచ్చేది. ఆ రోడ్డు పనికి సూపర్‌వైజరైన శ్రీరంగాన్ని పెళ్ళి చేసుకుని నలభై రోజులైంది. హనుమకొండలో బి.ఏ. చదివి, సరిహద్దు అవతల భోపాలపట్నం దాటాక అడవిలోకి సగం వేసి ఉన్న రోడ్డు పక్కన, ఒక రేకుల గదిలో కాపురం పెట్టాను. ఒకే గ్లాసులో ఇద్దరం టీ తాగేవాళ్ళం. గోడ మీద తొండ తలాడిస్తే ఆయన కూడా తలాడించేవాడు, నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.

నాలుగో దెబ్బకు రాయి విచ్చింది. చారతో సహా రెండుగా, నాలుగుగా, పదిగా.

ఎనిమిదింటికి ఇప్పగూడెం అనే దోర్ల ఊరి ఆడవాళ్ళు గంపలతో పనికొచ్చారు. కంకర మోసేది వాళ్ళే. ముందు నడుస్తున్న మాసే ఆగిపోయింది. గంప కింద పెట్టింది. ఏడవలేదు, అరవలేదు. కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. తెల్ల చార ఉన్న ముక్కలన్నీ తీసి, చారకు చార కలిసేలా వరసగా పేర్చసాగింది. ఒక ముక్క దొరకలేదు. ధర్మయ్య కాళ్ళ కింద వెతికింది.

"ఏం చేస్తున్నవు బిడ్డా?" అన్నాడు ధర్మయ్య.

మాసే సంతల్లో నేర్చిన తెలుగులో చెప్పింది. "నా మొగుడు. గంగా. నిరుడు జరమొచ్చి పోయిండు."

వాగవతల వాళ్ళ ఊరి చావునేల ఉంది. పోయిన ప్రతి మనిషికీ అక్కడ ఒక రాయి నిలబెడతారు. పోయినవాడు సుఖంగా ఉంటే రాయి పెరుగుతుందని వాళ్ళ నమ్మకం. మాసే గంగా రాయిని వారం వారం వెళ్ళి మూరతో కొలిచేదట.

ధర్మయ్య సమ్మెట జారవిడిచాడు. "నేను మొక్కి కొట్టిన" అన్నాడు. "మొక్కకుంట కొట్టినా బాగుండు."

నా చేతిలో టీ చల్లారిపోయింది. ఆ చార నాకు తెలుసు. వారం క్రితం సాయంత్రం ఆయనా నేనూ వాగు దాటి షికారుకు వెళ్ళాం. తునికి పళ్ళు ఏరుకుని, ఆ రాయికి వీపు ఆనించి తిన్నాం. "ఎంత బాగున్నాయో చూడండి, ఎవరో వరసగా నిలబెట్టినట్టు!" అన్నది నేను. అప్పటిదాకా ఆయన వాటిని చూడనేలేదు. తలెత్తి చూశాడు. ఒకటీ రెండూ అని వేలు పెట్టి లెక్కించాడు. నాకేదో ఆట అనిపించింది.

పదకొండు గంటలకు రోడ్డు కాంట్రాక్టు పట్టిన ఠేకేదార్ భూషణం జీపులో వచ్చాడు. నుదుట గంధం, మెడలో రుద్రాక్ష. ప్రతి మంగళవారం పూజ చేయించి, అరటిపళ్ళు పంచి, పని గురించి చెప్పేవాడు. నీళ్ళ ట్యాంకరు మీద 'పనే దైవం' అని ఎర్ర రంగుతో రాయించాడు. ఆ మాటలు నాకూ నచ్చేవి. కాలేజీలో వక్తృత్వ పోటీలకు నేను చెప్పినవీ అవే.

"ఏంది లొల్లి? రాళ్ళే గదా!" అన్నాడు. "అడవిల ఉన్న రాయి సర్కారుది. ఇంక అరవై ఉన్నయి. వానలు పడేలోపల రోడ్డు పోలీసు క్యాంపుకు చేరాలె. గుట్ట కాన్నుంచి మోసుకొస్తే దసరా దాటుతది."

"సేటూ, అవి చచ్చినోళ్ళవి" అన్నాడు ధర్మయ్య.

"నువ్వు కర్మయోగివి. రాయి ఏడికెళ్ళి వచ్చిందని అడుగుడు నీ పని గాదు. కొట్టుడు నీ పని. ఫలం దేవుడు చూసుకుంటడు."

"దేవుడు చూసుకునేటట్టుంటే ఆమె గట్ల ముక్కలేరుకుంటదా?"

భూషణం నవ్వాడు. మాసేకు ఒక చీర ఇప్పిస్తానన్నాడు. మాసే తలెత్తలేదు. "రేపు బండి మళ్ళ పోతది" అని మా ఆయనతో చెప్పి జీపెక్కాడు.

ఆ సాయంత్రం పొద్దుగూకక ముందే ఇప్పగూడెం ఊరంతా వడ్డెరోళ్ళ గుడిసెల మీదికి వచ్చింది. గొడ్డళ్ళున్నాయి, విల్లులున్నాయి. ముందు గంగాకు అన్న అయిన లచ్చు. ఊరికి పెద్ద. ఇటు వడ్డెరోళ్ళు గడ్డపారలు పట్టుకున్నారు. నడుమ పది అడుగుల దూరం.

"మా పెద్దలను రోడ్డుల పరిచి మీది నుంచి లారీ తోలుతరా?" అన్నాడు లచ్చు.

"మాకేం ఎరుక?" అన్నాడు ధర్మయ్య అల్లుడు రామనర్సయ్య. "బండి దించింది, కొట్టినం. పని పనే. దాంట్ల దేవుడు లేడు, దయ్యం లేదు, కడుపుంది. మామ మొక్కిండని రాయి నవ్వుకుంట పలుగుతదా? రేపు మేం కొట్టకుంటే ఇంకో ముఠాను తెస్తడు. మేం యాడికి పోవాలె?"

"నోర్ముయ్యిరా" అంది వెంకమ్మ.

"ముయ్య. నిజం చెప్పిన."

ధర్మయ్య ఇద్దరి మధ్యకూ వచ్చి నేల మీద కూర్చున్నాడు. గొడ్డళ్ళ వైపు కాదు, రామనర్సయ్య వైపు తిరిగి మాట్లాడాడు.

"నిజమేరా. నేను కొట్టిన రాళ్ళతోటి ఎన్నూళ్ళకు దార్లయినయో! ఎవలో నడుస్తరు, పిల్లగాండ్లు బడికి పోతరు అనుకునేటోణ్ణి. గందుకే మొక్కేది. ఏం కొడుతున్నమో ఎవని కోసం కొడుతున్నమో అడగకుంట కొడితే, గది పని గాదు. గానుగెద్దు తిరుగుడు. ఎద్దుకు కండ్లకు గంతలు కడతరు. నాకు వాడు దేవుని పేరు చెప్పి కట్టిండు."

 అప్పటిదాకా చెట్టు వెనక నిలబడి వింటున్న నేను బయటికి వచ్చాను. 

"ఆ రాళ్ళు మా ఆయనకు చూపించింది నేను" అన్నాను. "వాటికి ఆనుకుని కూర్చున్నాం. పళ్ళు తిన్నాం. నాకు తెలియదు."

లచ్చు గొడ్డలి భుజం మార్చుకున్నాడు. మాసే నా దగ్గరికి వచ్చి నా కొత్త చీరను, నా మొహాన్ని చాలాసేపు చూసింది.

"కూసున్నవా? మంచిగుండెనా?"

నాకు ఏడుపు ఆగలేదు.

"గంగాకు ముచ్చట్లంటే పానం. కూసుంటే ఏమనడు" అంది. "బండెక్కించిందెవడు? గది చెప్పు."

ఆ ప్రశ్నతో గొడ్డళ్ళు దిగాయి. అప్పటిదాకా కొట్టినవాడెవడని అడిగిన జనం, కొట్టించినవాడెవడని అడగడం మొదలుపెట్టారు. మాటలు గోండీలో, దోర్లీలో, తెలుగులో కలగాపులగంగా నడిచాయి. బూతులన్నీ హిందీలో. చివరికి రామనర్సయ్యే లేచాడు. "రేపు బండి పోతే, మేం ఎత్తం. ఎత్తినా, కొట్టం. మీరు మోయరు. అంతే గదా?"

"అంతే" అన్నాడు లచ్చు.

మర్నాడు ట్రక్కు చావునేలకు వెళ్ళింది. అరవై రాళ్ళకు అరవై మంది ఆనుకుని నిలబడి ఉన్నారు. ఒక రాయికి వడ్డెర, పక్క రాయికి దోర్ల. ట్రక్కు ఖాళీగా తిరిగి వచ్చింది. ఆ మధ్యాహ్నమే నీళ్ళ ట్యాంకరు రావడం ఆగిపోయింది.

మే నెల ఎండలో నీళ్ళు ఆపడమంటే ఏమిటో నేను చూశాను. సాయంత్రానికి పిల్లల పెదాలు పగిలాయి. వెంకమ్మ చిన్న మనవరాలు తడి గోనెను నోట్లో పెట్టుకుని చీకింది. రామనర్సయ్య నా ముందే గోడకేసి తల కొట్టుకున్నాడు. "ఎల్లుండిదాక బతుకుతమా? కొట్టి పారేద్దాం మామా!"  

మర్నాడు పొద్దున ఇప్పగూడెం ఆడవాళ్ళు సొరకాయ బుర్రల్లో నీళ్ళు తెచ్చారు. వాగు ఇసుకలో చెలమలు తవ్వి, రాత్రంతా ఊరితే ఊరినన్ని. భీమే అనే ముసలామె మొదటి బుర్ర రామనర్సయ్య చేతికే ఇచ్చింది. "తాగి తల కొట్టుకో. ఒట్టి తల పలగదు." నీళ్ళు ఆగాక గుడిసెల్లో మొదటి నవ్వు అది.

నేను మా గదికి వెళ్ళి శ్రీరంగంతో చెప్పాను. "మీరూ రండి. తప్పు మనది."

"నా ఉద్యోగం పోతే మనమేం తింటాం ప్రసూనా?" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు. భూషణం జీపు హారన్ వినిపించగానే కళ్ళు తుడుచుకుని బయటికి పరుగెత్తాడు.

ధర్మయ్య మాత్రం గుట్టకు పోయాడు. గంగాకు రాయి తెస్తానన్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇచ్చేదేం లేదు. అన్నం మూట మోసుకుని వెంకమ్మ వెంట నేనూ ఎక్కాను. మంచి బండ దొరికింది. సమ్మెట కళ్ళకద్దుకున్నాడు. బుర్రలోంచి దోసెడు నీళ్ళు తీశాడు. ఆ నీళ్ళ విలువ తెలిసీ పోశాడు. అక్కడ ఆగిపోయాడు. ఆకలికి కొడుతున్నానని అనలేడు. ఏమని మొక్కాలో తెలియలేదు.

"కొట్టు" అంది వెంకమ్మ మెల్లగా. "దానికెరుకే."

ఆ రెండు రోజులూ ఆ ముసలివాడు పనిచేసిన తీరు నేను ఎక్కడా చూడలేదు. అలిసిపోతే రాయి మీద చెంప పెట్టి పడుకునేవాడు. మూడో పొద్దుకు మనిషంత రాయి లేచింది. "ముప్పై ఏండ్లు రాళ్ళను చిన్నగ చేసుకుంట బతికిన. ఇయ్యాల ఒక్కదాన్ని నిలబెడత" అన్నాడు.

అడ్డతీగతో రాయిని రెండు దుంగలకు కట్టారు. ఎనిమిది భుజాలు, నాలుగు ఊరివి, నాలుగు వడ్డెరలవి. ముందు దుంగకు ధర్మయ్య. ఎత్తే ముందు లచ్చు అందరికీ వినపడేలా చెప్పాడు. "చచ్చినోని రాయి ఎత్తినంక నేల తాకొద్దు. తాకితే ఆడనే ఆగిపోతడు, ఇంటికి రాడు. భుజం మార్చుకోవచ్చు. దించొద్దు."

గుట్ట దిగి రోడ్డెక్కాం. వెనక రెండు వందల మంది. వాగుకు ఇంకా అర మైలు. అక్కడ రెండు పోలీసు వ్యాన్లు అడ్డంగా నిలబడి ఉన్నాయి. పక్కన భూషణం జీపు. జీపు పక్కన మస్టరు పుస్తకం పట్టుకుని శ్రీరంగం.

"సర్కారీ పని ఆపితే ఏమైతదో తెల్సా?" అన్నాడు థానేదార్. "పత్థర్ నీచే రఖో!"

ఎవరూ దించలేదు.

"లీడర్ కౌన్ హై?"

 థానేదార్ మా ఆయన వైపు తిరిగాడు. శ్రీరంగం నా కళ్ళలోకి చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఊపుతూనే ఉన్నాను. ఆయన చూపు దించుకున్నాడు.

"ఆ ముందున్న ముసలాయన" అన్నాడు.

లాఠీ ధర్మయ్య మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. మళ్ళీ పడింది, అదే చోట. ఇంకెప్పుడూ సమ్మెట పట్టకూడదని తెలిసి కొట్టినట్టు కొట్టారు. ఇద్దరు అతన్ని దుంగ కింది నుంచి లాగారు. రాయి ముందుకు ఒరిగింది. ఆడవాళ్ళు కేక పెట్టారు.

"దించకుండ్రి!" వ్యానులోకి ఈడుస్తుంటే ధర్మయ్య అరిచాడు. "నన్ను చూడకుండ్రి, రాయిని చూడుండ్రి!"

నేను ఆ ఖాళీలోకి దూరాను. దుంగ భుజం ఎముక మీద పడింది. కళ్ళు బైర్లు కమ్మాయి. నేను ఏనాడూ బిందెకు మించి మోసినదాన్ని కాదు.

"ప్రసూనా! నీకేం పిచ్చా? వదిలెయ్!" శ్రీరంగం పరుగెత్తుకొచ్చాడు. లాఠీల అవతల ఆగిపోయాడు.

రామనర్సయ్యను లాగారు. అతని చోట భీమే దూరింది. భీమేను జుట్టు పట్టి లాగారు. వెంకమ్మ దూరింది. వెంకమ్మ తల పగిలింది, రక్తం నా మెడ మీద పడింది, ఆమె దుంగ వదల్లేదు. వెనక నుంచి జనం వస్తూనే ఉన్నారు. మొదటి వ్యాను నిండిపోయింది. రెండోది సగమైంది. అడుగు పడటం లేదు. రాయి మాత్రం గాలిలోనే ఉంది.

"ప్రసూనా, నీ కాళ్ళు మొక్కుతా" అంటున్నాడు ఆయన.

నా పక్క దుంగ కిందికి ఎవరో వచ్చారు. బరువు కొంచెం తేలికైంది. మాసే.

"అడుగెయ్" అంది.

వేశాను.